తొణకని రక్తం

మంగళవారం నా పని రక్తం మోయడం.
మొఖోట్లాంగ్ కొండల్లో ఆరు క్లినిక్కులు.
సీటు వెనక నీలం డబ్బా, డబ్బాలో ఐసు,
ఐసు నడుమ పేర్లు అంటించుకున్న గాజు గొట్టాలు.
దారి అని పేరే గానీ
కొండ తన ఎముకలు ఆరబోసుకున్న చోటు అది.

బండికి ఏం కావాలో నాకు తెలుసనుకునేవాణ్ణి.
పెట్రోలు, చెయినుకు చమురు, టైర్లలో గాలి.
ముందుకాళ్ళు రెండూ ఏనాడూ ఏమీ అడగలేదు,
నేనూ పెట్టలేదు.
రెండు చలికాలాలు పోయాయి.

ముందు కుడి ఫోర్కు మీద సన్నటి తడి గీత.
తుడిచాను.
మర్నాడు మళ్ళీ.
మళ్ళీ తుడిచాను.
తుడవడమే బాగుచెయ్యడం అనుకునే జాతి నాది.
ఆ తర్వాత బ్రేకు నొక్కితే బండి తల వాల్చేసేది,
గుంతలో పడితే అడుక్కంటా కొట్టుకుని
ఆ దెబ్బ మణికట్టు ఎక్కి పళ్ళదాకా పాకేది.
అలవాటైపోయింది.
దారే అంత, అనుకున్నాను.

జూన్‌లో, మంచు కురిసిన వారం,
లేబొరేటరీ నుంచి ఒక కాగితం.
నమూనా చెడింది. కణాలు పగిలాయి. మళ్ళీ తీయండి.
పేరు పులెంగ్. ఏడో నెల.
కణాలు ఎందుకు పగులుతాయని నర్సును అడిగాను.
ఆమె నన్ను చూడలేదు,
కిటికీలోంచి నా బండిని చూసింది.
"కుదిపితే," అంది.

పులెంగ్ మళ్ళీ వచ్చింది, నాలుగు గంటల నడక.
దుప్పటి కింద పొట్టను రెండు చేతులా పట్టుకుని
వాగు రాళ్ళ మీద ఒక్కో పాదం
పాలగిన్నె దించినట్టు దించుకుంటూ.
నిండు మనిషి, తొణకలేదు.
తొణికింది నేను.
ఎడమ చెయ్యి ఇంకా నీలంగానే ఉంది,
కుడి చెయ్యి చాచి తల తిప్పుకుంది.

పెట్రోలు బంకు వెనక సెఖోబె ముసలాయన షెడ్డు.
పొరుగు దేశపు గనుల్లో లిఫ్టు నడిపినవాడు,
తాడుకు వేలాడే మనుషుల బరువు ఎరిగినవాడు.
నన్ను పలకరించలేదు.
హ్యాండిలు మీద అరచెయ్యి పెట్టి నొక్కి వదిలాడు.
బండి లేచింది, పడింది, లేచింది, ఊగుతూనే ఉంది.
"ఎగరడం స్ప్రింగుకు తెలుసు," అన్నాడు,
"ఆగడం నూనెకు తెలుసు. నీ నూనె ఏదీ?"

మూత విప్పి వంచితే
బూడిదరంగు నీళ్ళలాంటిది, చేపల కంపుతో,
లోపల సన్నగా మెరిసే లోహపు పొడి.
సీలు పెదవి కింద దొరికింది
ఆవగింజలో సగం కూడా లేని ఇసుక రేణువు.
నా అరచేతిలో పెట్టాడు. ఏమీ అనలేదు.
కొత్త సీళ్ళు, కొత్త నూనె, స్కేలు పెట్టి కొలిచి.
గాలి బుడగ లేకుండా
పసిబిడ్డ వీపు నిమిరినంత మెల్లగా పైకీ కిందికీ.
వెనక షాకు కీళ్ళకు గ్రీజు.
చివర్న నన్ను కూచోమని ఎంత దిగిందో కొలవబోయి ఆగాడు.
"డబ్బా ఏదీ? అది లేకుండా
నీ బరువు అబద్ధం."

అడుసు తొక్కనేల అనే వీలు నాకు లేదు.
తొక్కాలి. అందుకే కడగాలి.
ఇప్పుడు చీకటి పడ్డాక, అన్నానికి ముందు,
మెత్తటి గుడ్డతో ఆ రెండు కాళ్ళూ తుడుస్తాను,
తడి దాచడానికి కాదు, తడి ఉందేమో చూడ్డానికి.
షెడ్డు రేకు మీద సుద్దతో తేదీలు ఉన్నాయి,
రాబోయే తేదీ కూడా ముందే రాసి ఉంది,
వాన తుడిచేస్తే మళ్ళీ రాస్తాను.

పులెంగ్‌కు ఎవరు పుట్టారో నాకు తెలియదు.
ఆ కబుర్లు బండి మీద రావు.
నాకు తెలిసింది ఒకటే,
లేబొరేటరీ నుంచి ఆమె పేరుతో
ఇంకో కాగితం రాలేదు.

రేపు మంగళవారం.
హ్యాండిలు మీద చెయ్యి వేసి నొక్కాను.
ఒకసారి దిగింది.
ఒకసారి లేచింది.
నిలబడింది.