ఇన్‌ఛార్జి

సుగుణమణి మేడం రిటైరైన సాయంత్రం
తాళాల గుత్తి నా అరచేతిలో పెట్టి
"లెక్కల మాస్టారివి, లెక్క తప్పవులే" అంది.
పదిహేడు తాళంచెవులు. పన్నెండు గదులు.
మిగతా అయిదూ దేనివో ఆవిడా చెప్పలేదు.

ఇప్పుడు పొద్దున్నే నా పని
మరుగుదొడ్లకు ఫోటో తీయడం,
గుడ్లు లెక్కపెట్టడం,
సెలవు చీటీ మీద సంతకం పెట్టి
ఆ పీరియడ్ ఎవరి నెత్తిన వేయాలా అని
స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నీళ్లు నమలడం.
దసరా దాకా ఆ బల్ల దగ్గరే
హెడ్మాస్టర్లను తిట్టుకుంటూ టీ తాగినవాణ్ణి.
ఇప్పుడు నేను వెళ్తే మాట ఆగిపోతుంది,
టీ మాత్రం పోస్తారు.

మార్చి నెల. మిర్చి యార్డు వైపునుంచి గాలి తిరిగితే
చుట్టుగుంట బడంతా ఒక్కసారే తుమ్ముతుంది.
ఏడో తరగతి కిటికీ పక్కన ఆగాను.
నా తరగతే అది.
కొత్తగా వచ్చిన రమీజా భిన్నాలు చెబుతోంది.
హారం సంగతి ముందు చెప్పాలి కదా!
నా చెయ్యి తలుపుదాకా వెళ్లింది.

"మీ నాన్న మోసిన టిక్కీలో
మూడో వంతు తాలుకాయలు తీసేస్తే?"

చివరి బెంచీ ఏసోబు,
రెండేళ్లు నేను నోరు తెరిపించలేనివాడు,
లేచి నిలబడి
"కమీషను కూడా తియ్యాలి టీచర్" అన్నాడు.

తుమ్ము ఆపుకుని,
తాళాలు చప్పుడు చేయకుండా గుప్పిట్లో బిగించి
మునివేళ్ల మీద వెనక్కి వచ్చాను.

ఆఫీసులో గుడ్ల బండి అబ్బాయి సంతకానికి నిలబడ్డాడు.
ఆ పీరియడ్ మళ్లీ నేనే తీసుకుంటానని
పొద్దున రాసుకున్న కాగితం బల్లమీదుంది.
వెనక్కి తిప్పి
గుడ్ల లెక్క వేశాను.
రెండు పగిలాయట.