నీటి పరీక్ష

మిట్టూరు హోమియో డాక్టరు దగ్గర
కాంపౌండరుగా ఉన్న ఇరవై రెండేళ్ళలో
నేను దొంగిలించింది ఒక్కటే, ఖాళీ సీసాలు.
వేలెడు కూడా ఉండవు. తెల్ల మూత.
మాత్రలకని వచ్చినవి, సిరాకు కుదిరినాయి.

సీసాకొక సంఖ్య, సంఖ్యకొక కార్డు.
మొదట్లో పెళ్ళిపత్రికల వెనకవైపు కత్తిరించి వాడతా ఉంటి.
పలమనేరు లోకనాథం మాస్టరు చూసి
"ఏమ్మా పంకజాక్షీ,
నువ్వు రాసిపెట్టేది సిరా గురించా, కాగితం గురించా?
అన్నిటికీ ఒకటే కాగితం, ఒకటే పాళీ, ఒకటే వాక్యం.
అప్పుడే కదా తేడా దేనిదో తెలిసేది" అన్నాడు.
పోతా పోతా, గేటు దగ్గర నిలబడి:
"సంఖ్య మాత్రం పెన్సిలుతో వెయ్యి."

అప్పటినుంచి చర్చి వీధి ఖాదర్ బాషా కొట్లో
లెడ్జరు కాగితం, ఒక రీము.
వాక్యమూ ఒకటే:
నీవాలో నీళ్ళొచ్చినాయి.
అదే ఎందుకంటే ఏం చెప్పేది?
'ళ్ళొ' దగ్గర పాళీ మెలికలు తిరగాల,
సిరా నడక అక్కడ బయటపడుతుంది.
అది అబద్ధమన్న సంగతి కార్డుకు అక్కరలేదు.
వంతెన కింద ఇసుకా, తుమ్మచెట్లూ, మేకలూ.
నేను మాత్రం ఎనభై ఆరు రంగుల్లో నీళ్ళు తెప్పించినా.

మూడు: ఇస్కూలు నీలం.
ఎండాకాలం నాలుగు లెక్కపెట్టేలోగా ఆరిపోతుంది,
ముసురులో పదిహేను దాటినా బొటనవేలికి అంటుతుంది.
అందుకే 'ఆరే లెక్క' పక్కన
'ఆనాటి ఎండ' అని ఇంకో గడి గీసినా.
పద్నాలుగు: గానుగ కాడ పాకం ముదిరే ముందటి రంగు.
ఇరవై ఏడు: గెజిటెడ్ పచ్చ.
దాంతో సంతకం పెట్టే అర్హత నాకు లేదు,
వాక్యం రాసుకుంటే ఎవరూ అడ్డం చెప్పలేదు.
నలభై ఒకటి: తోతాపురి తొక్క,
రేటు విని రైతు కోయకుండా వదిలేసిన కాయది.
యాభై ఎనిమిది: రిజిస్ట్రారాఫీసు నీలినలుపు.
దస్తావేజులు రాసే వజ్రవేలు మొదలి
తన పెన్నులోంచి పిండి ఇచ్చిన ఆఖరి చుక్కలు.
అరవై మూడు: కాళహస్తి చెంగమ్మ కలంకారీ నలుపు.
తుప్పు మేకులు, బెల్లం నీళ్ళు, పైన కరక్కాయ.
'పెన్నులో పొయ్యొద్దు' అని ఎర్రగా రాసిపెట్టినా.
పోసి చూసిన తరవాతే రాసినా.

చివరి గడి 'నీటి పరీక్ష'.
రాసినదాని మీద ఒక చుక్క వేసి
నిమిషం ఆగి, గుడ్డతో అద్ది చూడాల. అంతే పని.
ఎనభై ఆరు కార్డుల్లోనూ అది ఖాళీ.
మాస్టరు ఉత్తరం రాసినప్పుడల్లా అడిగేవాడు.
ఆయన ఉత్తరాలు ఆగిపోయినాక కూడా
నాకు చెయ్యాడలేదు.

కార్తీకంలో ఒక రాత్రి, మూడు గంటలకు
నీవాలో నీళ్ళొచ్చినాయి.
వాకిలి దాటి, మంచం కింద
కార్డులుండే బిస్కెట్ల డబ్బాదాకా వచ్చినాయి.

రెండోనాడు మిద్దెమీద దుప్పటి పరిచి ఆరబెట్టినా.
పక్కింటి సెల్వి వడియాలనుకుని
"ఈ ముసుర్లోనా అక్కా?" అనింది.
మూడు పోయింది. పద్నాలుగు, టీ మరక.
గెజిటెడ్ పచ్చ కరిగిపోయి
పక్క కార్డుమీద సంతకం పెట్టేసింది.
తోతాపురి జాడ లేదు.
యాభై ఎనిమిదిలో నీలం పోయి నలుపు నిలిచింది.
చెంగమ్మది కదల్లేదు.
మూలల్లో పెన్సిలు సంఖ్యలు, ఒక్కటీ తప్పిపోలా.

కూర్చుని గడి నింపినా, పెన్సిలుతోనే.
పోయింది. పోయింది. సగం. పోయింది. నిలిచింది.
ఇన్నేళ్ళ బాకీ మధ్యాన్నానికి తీరింది.

డబ్బా అడుగున గరిటెడు నీళ్ళు మిగిలినాయి.
పారబోయబోయి
సీసా ఒకటి కడిగి పట్టినా.
కొత్త కార్డు తీసినా.
సంఖ్య: ఎనభై ఏడు.
పేరు: ఇంకా పెట్టలేదు.
ఎవరిచ్చినారు: నీవా.
వాక్యం: అదే.
ఆరే లెక్క: నూటపన్నెండు, నూటపదమూడు,
నూటపద్నాలుగు