రెండు కోటింగులు

స్ట్రాస్‌బర్గ్‌లో తీర్పొచ్చిన నాలుగో నెలకి
కిషినావ్ నుంచి మంత్రిత్వశాఖ బదులు రాసింది.
"గౌరవిస్తున్నాం, పరిశీలిస్తున్నాం" అని మూడు పేజీలు.
నాలుగోది కాంట్రాక్టరు చూపించాడు.
అందులో నేనున్నాను,
పేరు లేకుండా, "గదుల మరమ్మతు" అని.

సొరోకా ఠాణా కింద ఆరో నంబరు గది.
లేత పసుపు, రెండు కోటింగులు,
కమిటీ వచ్చేలోగా ఆరిపోవాలి.
కాపలా కుర్రాడు టీ తెచ్చాడు. మంచివాడే.
"మా అక్క వంటగదీ ఇదే రంగు" అన్నాడు.

మూలన గోరుతోనో బొత్తాంతోనో గీసిన గీతలు.
పదకొండు దాకా లెక్కపెట్టి ఆపేశాను.
ఖైదీలు గీసుకుంటారు, కొత్తేం కాదు.
ఇవి మాత్రం నా మోకాలి కన్నా కిందున్నాయి.
నిలబడగలిగినవాడు
అంత కింద ఎందుకు గీస్తాడు?

ఇలారియన్ స్పతారు అట ఆయన పేరు.
తొమ్మిదివేల యూరోలు కట్టేశారట,
రసీదు కూడా జతచేశారు.
కొట్టినవాళ్ళ ఊసు నేను చూసిన పేజీలో లేదు.

పుట్టీ పెట్టాను. గరుకు కాగితంతో రుద్దాను.
కూలి తీసుకున్నాను.
అబద్ధమెందుకు, పని నున్నగా కుదిరింది.

ఇంటికొచ్చి, గుమ్మంలో కూచుని బూట్లు విప్పి
లేవబోతూ ఆసరాకి గోడ పట్టుకుంటే
చెయ్యి సరిగ్గా ఆ ఎత్తునే పడింది.

కాసేపు లేవలేదు.