కాకిబంగారం

అవ్వ పోయిన పదకొండో రోజు
ట్రంకుపెట్టె అడుగున, పాత కోకల కింద
పీటంత అభ్రకం దిమ్మ దొరికింది.
గనిలోవాళ్ళు దాన్ని బుక్కు అనేవాళ్ళు.
చదవడం రాని మస్తానమ్మ దాచుకున్న
ఒకే ఒక్క బుక్కు.

సైదాపురం కటింగు షెడ్డులో ముప్పయ్యేళ్ళు
కత్తిమొనతో పొర మీద పొర ఊడదీసిన మనిషి.
సాయంత్రం ఇంటికొస్తే
జుట్టూ, రెప్పలూ, సంగటి కలిపే చెయ్యీ మెరిసేవి.
చీకట్లో అమ్మ యాడుందో
మా నాయన వెతుక్కునే పనే లేదంట.

మొదటి పొర తీసి బల్బుకు అడ్డం పెట్టా.
షెడ్డు కనపడింది, ఆడవాళ్ళు దేనికో నవ్వుతుండారు.
రెండో పొరలో వాన.
మూడో దాంట్లో మా నాయన, ముక్కు కారతా,
పక్కన ఒక పిల్ల.
ఎవురు నాయనా ఈ పిల్ల, అన్నా.
నాయన బల్బు ఆర్పేసి
బయటికి పోయి బర్రెకు మేతేశాడు.
మాకు బర్రె లేక ఆరేళ్ళు.

మా చిన్నప్పుడు కొట్టంలో ఒకాయన పడుకునేవాడు.
కలిచేడు తాత అనేవాళ్ళం, వరసేందో ఎవరూ చెప్పలా.
తొట్లో నీళ్ళమీద ఆయన మొహం పడేది కాదు,
వంగి చూస్తే ఉత్త ఆకాశం కనపడేది.
మాకది వింత కాదు.
ఎదురింటాయనకు ఆరోవేలు ఉన్నట్టు
ఈయనకు నీడ లేదు, అంతే.
ఏటా మా తాత గురవయ్య పేరున విస్తరేస్తే
కాకులకన్నా ముందొచ్చి కూర్చునేవాడు.
"పులుసులో మామిడికాయ తక్కువైందే, మస్తానూ" అనేవాడు.
బొట్టులేని నుదురు వంచుకుని
అవ్వ ఇంకో గరిటె పోసేది.

తొమ్మిదో పొర, కంపెనీ మస్టరు.
బిళ్ళ నంబరు నూట పద్నాలుగు, గురవయ్య.
పదో పొరలో గురవయ్య మంచంలో ఉండాడు.
జ్వరమో సారాయో, పొరలో వాసన రాదు గదా.
పదకొండులో తలపాగా చుట్టుకున్న పొట్టి గురవయ్య
నిచ్చెన దిగుతుండాడు.
పన్నెండోది నల్లగా ఉంది.
చెవికానిస్తే నీళ్ళ చప్పుడు.

గురవయ్య చచ్చాడని కంపెనీ రాసుకుంది.
మూడొందల యాభై రూపాయలిచ్చింది.
తీసుకున్నాక ఇంక బతికుండేదానికి
మనిషికి హక్కేముంది?
పిల్ల పేరంటావా, ఏ మస్టర్లోనూ లేదు.
రాయనోళ్ళు చావరు.
కండలేరు అవతల చుట్టాలింట్లో ఉండాదన్నారు కొన్నాళ్ళు,
తర్వాత ఆ మాటా మానేశారు.

ఆ డబ్బుతో ఇంటికి పెంకులేశారు.
వానొచ్చిన ప్రతిసారీ సందుల్లోంచి
నీళ్ళు కాదు, తళుకుపొడి కారేది.
తెల్లారి అవ్వ చిమ్మి చేటకెత్తేది,
పారబోసేది కాదు.
యాడ దాచేదో
దిమ్మ బరువు చూసినాక తెలిసింది.

నాయన్ను మళ్ళీ అడిగా.
డెబ్బై రెండేళ్ళ మనిషి గోడవైపు తిరిగి
"చెంచక్క" అన్నాడు. అంతే.
ఊరిబయట గుట్టలుగా పడున్న అభ్రకం చెత్తంతా
ఆ రాత్రి ఒక్కసారి భగ్గుమని వెలిగిందంట.
రాపూరు లాస్టు బస్సు డ్రైవరు చెప్పాడు,
లైట్లు ఆర్పేసి పోనిచ్చాడంట రెండు మైళ్ళు.

నాకు నలభై ఆరు. మా మేనత్తకు పదమూడు.
నా కూతురికన్నా చిన్నది.
ఎదురొస్తే కాళ్ళకు దణ్ణం పెట్టాల్నా,
ఎత్తుకోవాల్నా?

చివరి పొర ఒకంతట ఊడిరాలా.
తడిపా, గోటితో గీకా,
ఆఖరికి అవ్వ కత్తే పనికొచ్చింది.
అందులో తాత చొక్కా.
నిలబడుకోనుండే పిల్ల వొంటిమీద
దాని చేతులు మడుస్తుండేది
మెరిసే రెండు చేతులు.
కితకితలకు పిల్ల మెలికలు తిరగతా ఉంది,
కదలబాకే, అంటుండాది అవ్వ.
ఒక మడత, ఇంకోటి, ఇంకోటి.
నాలుగు మడతలేసినా
వేళ్ళు బయటికి రాలా.