తరుగు

ఉల్లి మండీలో లెక్కలు రాసే చెయ్యి నాది.
పద్దెనిమిదేళ్ళుగా
క్వింటానికి ఇంత తరుగని కొట్టేస్తానే ఉన్నా.
తరుగంటే ఏందమ్మా అని ఏ రైతన్నా అడిగితే
ఎండ తిన్నది, ఎలుక తిన్నది, దారి తిన్నది అంటా.
మిగతాది ఎవరు తిన్నారని
ఇంతవరకు అడిగినోడు లేడు.

అట్లాంటిదాన్ని
నంద్యాల రోడ్డు షోరూంలో
ఒకే రంగు, ఒకే ముక్కు, ఏడేసి సీట్లున్న
కవల కార్ల మధ్య నిలబెట్టినారు.
ఒకటి వట్టి పెట్రోలుది.
ఇంకోటి, పెట్రోలూ కరెంటూ కలిసి కాపురం చేసేది.
తేడా మూడు లక్షల అరవై వేలు.

ఇద్రీస్ అని, గడ్డం ఇంకా కుదురుకోని పిల్లోడు
ఏసీలో కూడా చెమట తుడుచుకుంటా చెప్పినాడు:
"బ్రేకు తొక్కినప్పుడల్లా, మేడమ్,
ఊరికే పోయేదాన్ని ఈ బండి పట్టి దాచుకుంటుంది.
మళ్ళీ కదిలేటప్పుడు అదే వాడుకుంటుంది."
తరుగును తిరిగిచ్చే బండా!
మా మండీలో చెబితే
హమాలీలు మూటలు దించి మరీ నవ్వుతారు.

నిన్నటి పట్టీ వెనక్కి తిప్పి లెక్క వేసినా.
లీటరు నూటపది.
ఇది పదమూడు కిలోమీటర్లు, అది ఇరవై ఒకటి.
కిలోమీటరుకు మిగిలేది మూడు రూపాయల ఇరవై పైసలు.
నెలకు మా తిరుగుడంతా కలిపి వెయ్యి:
ఆదోనిలో ఆడబిడ్డ,
డోన్‌లో లోహిత హాస్టలు,
ఎప్పుడన్నా మహానంది.
పెట్టింది తిరిగి రావాలంటే
తొమ్మిదేళ్ళ నాలుగు నెలలు.
బ్యాటరీకి గ్యారంటీ ఎనిమిదేళ్ళు.
మధ్యలో ఆ పదహారు నెలలు ఎవరి పూచీ అంటే
ఇద్రీస్ మంచినీళ్ళు తెప్పించినాడు.

మా ఆయన మద్దిలేటి ఈ లెక్కల జోలికి రాలేదు.
బళ్ళారి చౌరస్తా దగ్గర
ముప్పై ఏళ్ళు లారీలకు నాడి చూసినోడు.
స్క్రూడ్రైవరు కొన ఇంజనుకు ఆనించి
పిడి చెవికి పెట్టుకొని
"మూడో సిలిండరు దగ్గుతాంది" అనేవాడు.
తప్పని ఎవరూ వెనక్కి రాలేదు.

ముందు పెట్రోలుది తోలినాడు.
ఓర్వకల్లు రాళ్ళ దాకా పోయొచ్చినా పెదవి విప్పలేదు.
చేతులు మాత్రం స్టీరింగు మీద
పాత చుట్టం ఇంట్లో కూర్చున్నట్టు కూర్చున్నాయి.

తర్వాత రెండోది.
రాజ్‌విహార్ సిగ్నల్ దగ్గర
ఇంజను చప్పున ఆగింది. అది దాని గుణం,
నిలబడినచోట తాగదు.
వెనక సీట్లో, సెలవులకొచ్చిన లోహిత
బఠాణీలు నమలడం వినబడింది.
రోడ్డవతల గోలీసోడా కీచుమన్నది.
ఆయన మొహం తెల్లబోయింది.
వేలు బటను మీదికి పోయింది, ఒకసారి, మళ్ళీ ఒకసారి.
"సచ్చిపోయిందా మే?"
"లేదు. బతికే ఉంది. ఊరకుంది."
"నాకు తెలీట్లేదు."

పచ్చ లైటు పడింది.
కుడిపక్క నుంచి ఒక ఆటో
గొంతు చించుకుంటా దాటిపోయినా
తల తిప్పలేదు మనిషి.

అప్పుడు ఒక్కొక్కటే వరుసలోకి వచ్చినాయి:
టీవీ ఎందుకంత గట్టిగా పెడతాడో,
ఏడాదిగా మంచంలో నా కుడిపక్కకే ఎందుకు మారినాడో,
షెడ్డు తమ్ముడికి అప్పజెప్పి
"అలిసిపోయినా" అని ఎందుకన్నాడో.
ఇంజనును ఇప్పుడు చెవితో కాదు,
అరచేతులతో వింటున్నాడు.
రెండో బండి ఆ అరచేతుల్లో ఏమీ పెట్టలేదు.

ఇంత తరుగును దాచినాడు,
అదీ నా దగ్గర.

షోరూంకు తిరిగొచ్చి
పట్టీ మీద ఇంకో గడి గీసినా.
అందులో ఎంత వెయ్యాలో తోచక
పెన్ను పంటికింద పెట్టుకొని చూస్తే
ఆయన పెట్రోలు బండి బానెట్టు మీద
చెయ్యి ఆనించి నిలబడుండాడు.
ఇంకా వెచ్చగా ఉన్నట్టుంది.

"ఏది రాయమంటారు మేడమ్?"
"ఆగు నాయనా" అన్నా.
"ఈడ దగ్గర్లో
చెవుల డాక్టరు ఎవరున్నారు?"