పుట్టుమచ్చలు

భూపాలపల్లి సర్కారు జూనియర్ కాలేజీల
పంతొమ్మిదేండ్ల సంది టీసీలు రాస్తున్న.
ఎనిమిదో గడి: పుట్టుమచ్చలు, రెండు.
పదో తరగతి మెమో చూసి దించితే అయిపోతది,
అందరూ అట్లనే దించుతరు.
నాకెందుకో పిల్లలను ఎదురుంగ నిలబెట్టి
చూసి రాస్తేనే రాసినట్టు.

గాదె కొమురెల్లి కుడి మోచేతి మీది మచ్చ
బైకు మీదికెల్లి పడ్డప్పుడు తోలుతోనే పోయింది.
"ఇగ నేను నేను కాదా సార్?" అన్నడు.
పోయిన మచ్చనే మళ్ల రాసిన.
కాయితంల ఉన్నోడే లోకంల ఉంటడు బిడ్డా.

ఈసం జంపన్నకు మెడ మీద ఒక్కటే.
రెండోదానికి చొక్కా గుండీలు ఇప్పి ఎంత దేవులాడినా దొరకలె.
ఎడమ బొటనవేలు చూపెట్టిండు,
తునికాకు కోతల పడ్డ గాటు.
"ఇది పుట్టంగ రాలె సార్, పెరగంగ వచ్చింది. నడుస్తదా?"
పుట్టుడు ఒక్కసారే అయితదని ఎవరన్నరు.
రాసిన.

తొమ్మిదో గడి, నడవడి.
జనవరిల ఆఫీసు కిటికీ అద్దం పలగ్గొట్టినోడు
తల వంచుకొని నా పెన్ను దిక్కే చూస్తున్నడు.
"బాగున్నది" అని రాసిన.
ఆ అద్దం ఇంకా పెట్టించలె. ఆ సందుల నుంచే
ఈ ఎండకాలమంత మాకు గాలి.

ఇగ ఆన్‌లైను.
కులం, ఆదాయం మీసేవల ఇచ్చి పదకొండు రోజులాయె.
ప్రింటర్ల ఒక్క రంగే మిగిలింది,
అందరి ఫొటోలు నీలంగ వస్తున్నయి.

మాదాసు సౌందర్యకు లెక్కలల్ల తొంబై నాలుగు.
హన్మకొండల డిగ్రీ కావాలె, హాస్టలున్న కాడ.
ఆధార్‌కు లింకైన నంబరు వాళ్ల నాయినది.
ఓటీపీ పోయింది.
పోయి ఎక్కడ వాలింది?
బాయి మీద, ల్యాంపు రూంల, అరల పెట్టిన ఫోనుల.
నాయిన అప్పటికే దిగిండు, సెకండ్ షిఫ్టు.
పది నిమిషాలు బతికే అంకెలు ఆరు
పైన్నే పుట్టి పైన్నే చచ్చినయి.
మూడుసార్లు పంపినం. మూడుసార్లు.
ఆఖరు తేదీ ఇయ్యాల్నే అని తెర మీద ఎర్రగ ఉరుకుతున్నది.

"ల్యాంపు రూం కాకకు ఫోన్ చెయ్యరాదు?"
"అర తాళం నాయిన మొలతాడుకే ఉంటది సార్."

రాత్రి దాకా ఆఫీసు తెరిచే పెట్టిన.
వాచ్‌మన్ సర్వయ్య సణిగిండు,
సణుక్కుంటనే చాయ తెచ్చిండు.
సౌందర్య కాలేజీల పేర్లు కాయితం మీద రాసి, కొట్టేసి,
మళ్ల అవే రాసి అడిగింది:
"మొదటిది రాకపోతే రెండోది ఇస్తరు గద సార్.
అడగంది గూడ ఇస్తరా?"
నేను స్టాంపు ప్యాడు తడుపుకుంట కూసున్న.

పావు తక్కువ పన్నెండుకు గేటు కాడ బండి ఆగింది.
కండ్ల చుట్టు కాటుక పెట్టినట్టు బొగ్గు,
తానం చేసినా ఆడ పోదు.
ఫోను రెండు చేతులల్ల పట్టుకొచ్చిండు, కోడిగుడ్డు లెక్క.
కొత్తగ వచ్చిన అంకెలు ఒక్కొక్కటే గట్టిగ సదివిండు
హాజరు పిలిచినట్టు:
నాలుగు. సున్న. సున్న. ఏడు...

అంకెల మీద ఆనిచ్చిన ఆ వేలి నుంచి మణికట్టు దాకా
తోలు కింద నీలం నీలం గీతలు.
బొగ్గు పెళ్ల కోసి, గాయం మానినంక
లోపల్నే ఉండిపోయిన నలుపు.
ఎన్నున్నయో. గడిల రెండింటికే జాగ.

సౌందర్య సబ్మిట్ నొక్కింది.
చక్రం తిరుగుతున్నది, తిరుగుతున్నది.
ఆమె టీసీ ఇంకా నా ముందట్నే, ఎనిమిదో గడి సగం ఖాళీ.
"చేతులు చూపెట్టు బిడ్డా."
రెండు చేతులు బల్ల మీద పెట్టింది.
ట్యూబులైటు కింద తిప్పి తిప్పి చూసిన,
ఒక్క గాటు లేదు.
నాయిన గూడ వంగి చూసిండు.
ఏమనుకున్నడో, నవ్విండు.

చెవి వెనుక ఒకటున్నదని ఆయనే చెప్పిండు.