బాకీ నిమిషాలు

నా పని నేల తుడవడం.
ఆరూస్టుక్ మంచులో ఒక పొడుగాటి వరండా,
రెండు బాయిలర్లు, నలభై ఒక్క తాళంచెవులు.
ముందే చెప్తున్నాను,
తర్వాత ఎవరూ నన్ను టీచరనుకోకూడదు.

బంగాళదుంపల కోతల సెలవులు అయ్యాక
డెలా మేడమ్ తిరిగి రాలేదు.
బాంగర్ ఆసుపత్రిలో జీతం ఎక్కువ,
దారిలో దుప్పులు తక్కువ. తప్పు పట్టను.
ఆవిడ గది తలుపు మీద 'త్వరలో' అని కాగితం.
అంటించింది నేనే.
చలికి టేపు రెండుసార్లు ఊడింది,
రెండుసార్లూ నేనే అంటించాను.

లూసియన్ థిబొడోకి తొమ్మిదేళ్ళు.
వాడికి మాట గొంతు దాకా వచ్చి
చెప్పులు విప్పుకొని అక్కడే కూర్చుంటుంది.
వారానికి అరవై నిమిషాలు దాన్ని బయటికి పిలవాలని
ఏడుగురు సంతకాలు పెట్టిన కాగితం ఉంది.
ఏడుగురిలో ఇప్పుడు మిగిలింది ఇద్దరు.
అందులో ఒకరు వాళ్ళమ్మ.

జనవరిలో కొరిన్ మేడమ్‌ని కూడా
ఐదో తరగతికి లాక్కున్నారు.
"అర్మాన్, ఒక్క పది నిమిషాలు వాడి దగ్గర కూర్చుంటావా?"
ప్రిన్సిపాల్ నడుస్తూనే అడిగాడు.
ఆ పది నిమిషాలు
మార్చి దాకా కరగలేదు.

నాకేం తెలుసు? తాళంచెవుల గుత్తి బల్ల మీద పెట్టాను.
వాడు ఒక్కోటీ చెవి దగ్గర ఆడించి విన్నాడు,
బాయిలర్ గది చెవిని చెంపకి ఆనించుకున్నాడు,
నా జేబు వెచ్చదనం ఇంకా దానికి ఉంది.
డెలా మేడమ్ వదిలేసిన బొమ్మల కార్డులు మూడు:
నీళ్ళు. ఇంకా. చాలు.
'చాలు' అంచులు అరిగి తెల్లబడ్డాయి.

ఒక మంగళవారం వాడు 'ఇంకా' తీసి
గుత్తి మీద పెట్టాడు.
నాకు ఏడుపొచ్చింది, దాచను.
కానీ దాని తర్వాతి మెట్టు ఏమిటో తెలిసిన మనిషి
బాంగర్‌లో ఉంది.

మా అమ్మ ఇదే బడిలో చదివింది.
ఫ్రెంచి మాట పెదవి దాటితే గోడవైపు నిలబెట్టేవాళ్ళట.
నోళ్ళు మూయించడానికి
అప్పుడు మనుషుల కొరత రాలేదు.

వాళ్ళమ్మ చిప్స్ ఫ్యాక్టరీ రాత్రి షిఫ్టు దిగి
నూనె వాసనతో వస్తుంది. చేతిలో నోటుబుక్కు,
పాల లెక్కలా గీతలు.
"వెయ్యిన్నీ మూడువందల ఇరవై నిమిషాలు," అంది.
"ఇస్తారనే అనుకో. వాడు ఈలోగా పెరిగిపోతున్నాడే,
దానికి వడ్డీ ఏ లెక్కన కడతారు?"
చీపురు పట్టుకొని నిలబడ్డాను.

ఏప్రిల్లో ఆఫీసులో లోర్నా ఒక ఫారం జరిపింది.
'సేవ అందించబడింది'. కింద గీత.
"ఊరికే ఒక సంతకం. అందరికీ మంచిది."
పెన్ను బాగుంది, కొత్తది.
గీత మీద ఇలా రాశాను:
నేల తుడిచాను. పక్కన కూర్చున్నాను. పాఠం చెప్పలేదు.
అర్మాన్ పెల్తియే.
లోర్నా చాలాసేపు చదివింది, మూడే మాటలైనా.
ముద్ర వేసిందో లేదో నేను చూడలేదు.

తలుపు మీది కాగితం మళ్ళీ ఊడింది.
ఈసారి అంటించలేదు.

నిన్న రెండో బాయిలర్ దగ్గడం మొదలుపెట్టింది.
లూసియన్ పైపుకి చెవి ఆనించి
నాకంటే ముందు విన్నాడు.
ఫోన్ చేశాను.
దాని కోసం ప్రెస్క్ ఐల్ నుంచి, మంచులో,
గంటలోపే మనిషి వచ్చాడు.